రద్దయిన కచేరీల వెంట ఆరు రోజులు

మా పక్క ఫ్లాటులో ఉండే పెద్దాయన దగ్గర ఒక పాత కచేరీ టికెట్ ఉంది. చింపని టికెట్. ఆ సాయంత్రం వాయించాల్సిన మనిషి ఆఖరి నిమిషంలో వాయించనన్నాడు, జనం ఇళ్ళకి వెళ్ళిపోయారు. టికెట్ తెచ్చిస్తే డబ్బులు వెనక్కిస్తామన్నారట, ఈయన ఇవ్వలేదు. ఇటలీ పియానిస్టు ఆర్తూరో బెనెదెత్తి మికెలాంజెలి వాయించని కచేరీ టికెట్ కూడా దాచుకోదగ్గదే అని ఆయన లెక్క. తర్వాత 1992లో ఇక్కడే మ్యూనిక్‌లో, గాస్టైగ్ హాల్లో, చెలిబిదాకే నడిపించే ఆర్కెస్ట్రాతో కలిసి అదే మనిషి షూమన్ కన్చెర్టో, అంటే పియానోకీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన పెద్ద రచన, వాయిస్తే వెళ్ళి విన్నాడు. విచిత్రం ఏమిటంటే, ఆ విన్న కచేరీ టికెట్ మాత్రం ఎక్కడో పారేసుకున్నాడు.

నేను మ్యూనిక్ వచ్చి తొమ్మిదేళ్ళు. పాశ్చాత్య సంగీతంలో ఓనమాలు కూడా సరిగ్గా రావు నాకు. కానీ ఈ టికెట్ కథ విన్నాక ఆ ఇటలీ పియానిస్టు రికార్డింగులు ఒకటీ రెండూ వినడం మొదలెట్టి అందులో పడిపోయాను. ఈ సెప్టెంబరు ఆఖర్లో మా మావయ్య విజయనగరం నుంచి వచ్చాడు. మహారాజా సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకుని, నలభై ఏళ్ళు పక్కవాద్యం వాయించిన మనిషి. పారిస్ తీసుకెళ్తానంటే "ఆ ఇనప స్తంభం ఫొటోల్లో చూసేన్లే" అన్నాడు. ఈ రద్దుల కథ చెప్తే మాత్రం లేచి కూర్చున్నాడు.

"ఏట్రా, ఒప్పుకున్న కచేరీ మానేసి వెళ్ళిపోయేవాడా? మా వైపయితే కుర్చీలు లేచేవి. పద, ఆ మనిషి ఊరేదో చూద్దాం."

అలా బయల్దేరాం.

మొదటి రోజు, బోల్జానో

మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా బోల్జానోకి నేరుగా రైలుంది, నాలుగ్గంటల ప్రయాణం. మికెలాంజెలి కథ అసలు బ్రెషాలో మొదలవుతుంది, మేము మధ్యలోంచి ఎక్కాం, రైలు దారి అలా ఉంది మరి. మావయ్య పులిహోర డబ్బా తెరిచి, "మొదట్నుంచీ చెప్పు" అన్నాడు.

1920 జనవరి 5న పుట్టాడు. ముందు వయొలిన్ పట్టాడు, తర్వాత పియానోకి మారాడు. పద్నాలుగేళ్ళకే మిలాన్ కన్జర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, డిప్లొమా చేతికొచ్చింది. 1938లో బ్రస్సెల్స్‌లో పెద్ద పోటీకి వెళ్తే ఏడో స్థానం వచ్చింది, మొదటి స్థానం సోవియట్ కుర్రాడు ఎమీల్ గిలెల్స్‌ది. మరుసటి ఏడాది జెనీవా పోటీలో మొదటి బహుమతి. న్యాయనిర్ణేతల్లో ఉన్న అల్ఫ్రెడ్ కోర్తో ఇతన్ని కొత్త లిస్ట్ (ఫ్రాంజ్ లిస్ట్, వెనకటి మహా పియానిస్టు) అన్నాడని చెప్పుకుంటారు. అంతలో యుద్ధం, వైమానిక దళంలో చేరాడు. యుద్ధం అయ్యాక 1946లో లండన్, 1948లో న్యూయార్క్. న్యూయార్క్‌లో వాయించిందీ ఆ షూమన్ కన్చెర్టోనే.

"ఒక్క ఏడాదిలో ఏడు నుంచి ఒకటికి వచ్చేడా?" అని మావయ్య నవ్వాడు. "న్యాయనిర్ణేతలు మారేరంతే."

అప్పుడే ఒక తప్పు చేశాను. ఉత్సాహం ఆపుకోలేక, 1957లో లండన్‌లో రికార్డు చేసిన రావెల్ జి మేజర్ కన్చెర్టో రెండో భాగం ఆయన చెవిలో పెట్టాను. అర నిమిషం విన్నాడో లేదో ఇయర్‌ఫోన్ తీసేశాడు. "బావుంది గానీ తాళం ఎక్కడుందో తెలీట్లేదు. కుడిచెయ్యి ఒకటి చెప్తోంది, ఎడంచెయ్యి ఒకటి చెప్తోంది. రైలు చప్పుడొకటి మధ్యలో." నాకు కాస్త మనసు చివుక్కుమంది, అయినా ఊరుకున్నాను.

బోల్జానో ఇటలీలోనే ఉంది గానీ చాలామంది జర్మన్ మాట్లాడతారు, వీధి బోర్డులన్నీ రెండు భాషల్లో ఉంటాయి. కన్జర్వేటరీ ఒకప్పటి డొమినికన్ మఠంలో ఉంది, పక్కనే చర్చి, దానిలో జొత్తో అనే పాతకాలపు ఇటలీ చిత్రకారుడి శైలిలో వేసిన పాత కుడ్యచిత్రాలు. మికెలాంజెలి ఇక్కడ 1950ల్లో పాఠాలు చెప్పాడు. బుసోని అనే పియానిస్టు పేరుతో పియానో పోటీ ఇక్కడ 1949లో మొదలైంది, మొదలవడంలో ఈయన చెయ్యి కూడా ఉంది. ఆ మొదటి ఏడాది ఎవరికీ మొదటి బహుమతి ఇవ్వలేదు! ఎవరూ తూగలేదన్నమాట. నాలుగో స్థానం వచ్చిన కుర్రాడు ఆల్‌ఫ్రెడ్ బ్రెండెల్, తర్వాత్తర్వాత ప్రపంచమంతా తెలిసిన పేరు. ఇంకో తమాషా, బ్రెండెల్ పుట్టింది కూడా జనవరి 5నే, 1931లో. మిలాన్‌లో మరో మహా పియానిస్టు మౌరీత్సియో పొల్లీని పుట్టింది 1942లో, అదీ జనవరి 5నే. సరిగ్గా పదకొండేసి ఏళ్ళ తేడాతో ముగ్గురు. జాతకాలు చూసేవాళ్ళకి ఇస్తాను ఈ లెక్క.

1957లో ఆ బుసోని పోటీ గెలిచింది మార్తా ఆర్హెరిచ్, పదహారేళ్ళ అర్జెంటీనా అమ్మాయి. కొన్నేళ్ళ తర్వాత మికెలాంజెలి దగ్గర చేరింది. ఏడాదిన్నర ఉంటే దక్కిన పాఠాలు నాలుగు.

"నాలుగు వందలా?"

"నాలుగే, మావయ్యా."

మావయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, తన గురువుగారు కూడా మొదటి ఆరు నెలలు మృదంగం ముట్టుకోనివ్వకుండా కొబ్బరికాయలు కొట్టించారని చెప్పాడు. ఇది వెయ్యోసారి వినడం. అయినా ఈసారి ఆ కథ సరైన చోట పడింది.

రెండో రోజు, రాబ్బి లోయ

పొద్దున్నే మెత్సొకొరోనా దాకా పెద్ద రైలు, అక్కణ్ణుంచి మాలే ఊరికి చిన్న రైలు. నోన్ లోయ అంతా ఆపిల్ తోటలే, ఇది కోతల కాలం, రైలు కిటికీ పక్కనే నిచ్చెనలు, పెట్టెలు. మాలేలో దిగి బస్సెక్కాలి. బస్సులో ఒక స్టాపు ముందే దిగిపోయాం, తప్పు నాదే, బోర్డు చదవకుండా డ్రైవరు ముఖం చూసి దిగాను. రెండు బ్యాగులు మోసుకుంటూ ఎక్కుడు రోడ్డు మీద ముప్పావుగంట నడక. మావయ్య ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది.

ఇంత దూరం ఎందుకొచ్చామంటే, మికెలాంజెలికి ఈ లోయలో కొండ ఇల్లు ఉండేది. ఊళ్ళ గొడవ పడనప్పుడు ఇక్కడికొచ్చేవాడు, శిష్యులు కూడా వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఇలా విడిగా చెప్పే పాఠాలకి శిష్యుల దగ్గర డబ్బు తీసుకునేవాడు కాదంటారు. డబ్బు దగ్గర ఆయన లెక్కే వేరు. కచేరీకి మాత్రం పెద్ద మొత్తం అడిగేవాడు, తీరా ఆ రోజు పియానో నచ్చకపోతే అంత మొత్తాన్నీ వదిలేసి కారెక్కేవాడు. కార్లంటే మహా పిచ్చి, ఫెరారీలంటే మరీను. ఆయన రేసుల్లో నడిపాడని, యుద్ధంలో ఏవేవో సాహసాలు చేశాడని కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళు, ఆయనేమో అవునని గానీ కాదని గానీ అనేవాడు కాదు.

రాబ్బిలో ఇనుము ఎక్కువున్న ఊట నీళ్ళుంటాయి, ఆరోగ్యానికి మంచిదని పూర్వం నుంచీ జనం వస్తారు. మావయ్య ఒక గుక్క తాగి, "మన పాత బోరు నీళ్ళే. దీనికోసం ఇంత దూరం వస్తారా" అని రెండో గుక్క కూడా తాగాడు.

రాత్రి భోజనంలో పొలెంతా పెట్టారు, అంటే మొక్కజొన్న పిండితో చేసిన సంకటి, పైన కరిగిన జున్ను. మావయ్య బ్యాగులోంచి కందిపొడి తీసి చల్లుకున్నాడు, వడ్డించే ఆవిడ వాసన చూసి తనకీ కొంచెం కావాలంది. మొత్తం ప్రయాణంలో ఆయన బాగా తిన్న పూట ఇదొక్కటే.

తిన్నాక బయట బెంచీ మీద కూర్చుని ఫోన్లో ఒక పాట పెట్టాను. పియానో లేదు, వట్టి మగవాళ్ళ బృందగానం. త్రెంతోలో 1926 నుంచీ ఉన్న కోరో దెల్లా సాత్ అనే గాయక బృందం పాడుతుంది, ఈ కొండల్లో జనం పాడుకునే పల్లె పాటలు. వాటిలో పంతొమ్మిదింటికి స్వరమేళం కూర్చింది మికెలాంజెలి! ముఖంలో నవ్వన్నది కనపడని మనిషి, పియానో శ్రుతి వెంట్రుకవాసి తప్పితే కచేరీ మానేసే మనిషి, ఎక్కడో కొండ మీద కట్టెలు కొట్టుకునేవాళ్ళ పాటలకి కూర్చుని ఒక్కొక్క గొంతుకీ విడివిడిగా స్వరం రాశాడు. వాటిలో గొప్ప కోసం వేసిన ముడి ఒక్కటీ లేదు. పాట పాటలాగే ఉంటుంది, కింద నేల మాత్రం కాస్త మెత్తబడినట్టుంటుంది.

మావయ్య ఇది పూర్తిగా విన్నాడు. "మా వాళ్ళలో ఎవరైనా తప్పెటగుళ్ళకి ఇలా కూర్చుని రాసేరా? చిన్నతనం అనుకుంటారు." కాసేపాగి, "నేనూ అనుకున్నాను లే ఒకప్పుడు" అన్నాడు.

మూడో రోజు, బస్సు, రైలు, రైలు, రైలు

కొండ దిగి త్రెంతో, వెరోనా, బ్రెషా. రాయడానికేమీ లేదు. రైలొకటి లేటు, దాంతో రెండోది తప్పింది, బ్రెషాలో బుక్ చేసుకున్న చోట మా గది ఇంకెవరికో ఇచ్చేశారు, గంటసేపు నిలబడ్డాక పైకప్పు కింద ఇంకో గది దొరికింది. మావయ్య తల మూడుసార్లు దూలానికి తగిలింది. మూడోసారి, "ఇదిగో, ఇదీ తిస్రం" అన్నాడు.

నాలుగో రోజు, బ్రెషా

ఇది మికెలాంజెలి ఊరు. ఇక్కడే వెంతూరి సంగీత పాఠశాలలో పావొలో కిమేరి దగ్గర నేర్చుకుని ఆ తర్వాత మిలాన్ వెళ్ళాడు. పేరున్న మిల్లె మిల్యా కారు రేసు 1927లో మొదలైంది ఈ ఊరి నుంచే, అంటే ఈ పిల్లాడికి ఏడేళ్ళప్పుడు. పియానో పిచ్చి, కారు పిచ్చి రెండూ ఒకే చోట పట్టుకున్నాయంటే ఆశ్చర్యం లేదు.

లోజా కూడలిలో పాత గడియారం ఉంది, ఇరవై నాలుగు గంటల ముఖంతో. పైన రెండు లోహపు బొమ్మలు గంట కొడతాయి. ఊరివాళ్ళు వాటిని గంటల పిచ్చోళ్ళంటారు. మావయ్య వాటికింద నిలబడి దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం లెక్కపెట్టాడు, "కుడివైపు వాడు కొంచెం తొందరపడుతున్నాడు" అని తీర్పిచ్చాడు.

తెయాత్రో గ్రాందే అనే పాత థియేటర్ ముందుకి వెళ్ళాం. వేళకాని వేళ వెళ్ళాం కాబట్టి లోపల చూడ్డం కుదర్లేదు, ముందున్న స్తంభాల వసారా కింద తిరిగి వచ్చాం. 1964లో బ్రెషా, బెర్గామో రెండు ఊళ్ళకీ కలిపి పియానో ఉత్సవం మొదలైంది, దానికి మూలస్తంభం మికెలాంజెలే, ఇప్పుడు ఉత్సవానికి పేరూ ఈయనదే. అంత చేసిన ఊరిని, అసలు దేశాన్నే, నాలుగేళ్ళకి వదిలేసి వెళ్ళిపోయాడు. ఆయనకి వాటా ఉన్న రికార్డు కంపెనీ ఒకటి 1968లో దివాళా తీసింది. అప్పులవాళ్ళ కోసం ఆయన పియానోలు కూడా జప్తు చేశారు. వేరే మనిషయితే కోర్టులో కొట్లాడి, కొన్నాళ్ళకి మర్చిపోయేవాడు. ఈయన స్విట్జర్లాండ్ వెళ్ళిపోయి ఇటలీలో ఇక వాయించనని కూర్చున్నాడు. వాటికన్‌లో వాయించాడు, అది ఇటలీ కాదు కాబట్టి సరిపోయింది. 1980లో ఒక్కసారి మాత్రం బ్రెషా వచ్చాడు, ఈ చుట్టుపక్కలే పుట్టిన పోప్ ఆరవ పాల్ జ్ఞాపకార్థం.

"పియానో జప్తు చేసేరా?" అని మావయ్య రెండుసార్లు అడిగాడు. మిగతా విషయాలు ఏవీ ఆయనకి అంత పట్టలేదు. ఆయన పాత పనస మృదంగం ఒకటి, డెబ్భైలలో, అద్దె బాకీ కింద ఇంటివాళ్ళు అట్టేపెట్టుకున్నారు, ఆ సంగతి మా అమ్మ చెప్పగా తెలుసు నాకు, ఆయన నోటంట ఎప్పుడూ వినలేదు. ఇప్పుడూ చెప్పలేదు.

అసలు సంగతి మధ్యాహ్నం జరిగింది. థియేటర్ వెనకాల సందుల్లో తిరుగుతుంటే ఒక మొదటి అంతస్తు కిటికీలోంచి పియానో చప్పుడు. పాట కాదు, ఒకే స్వరం. టంగ్. టంగ్. టంగ్. ఎవరో శ్రుతి చేస్తున్నారు. నేను ముందుకి నడిచాను, మావయ్య ఆగిపోయాడు.

నాకు తెలిసినంత చెప్పాను. పియానోలో 88 మెట్లున్నా తీగలు రెండొందల పైమాటే, ఎందుకంటే మధ్య స్థాయి నుంచి పైకి ఒక్కొక్క స్వరానికి మూడేసి తీగలు. శ్రుతి చేసేవాడు చిన్న రబ్బరు ముక్కలు దూర్చి రెండు తీగల్ని నోరు మూయించి ఒకదాన్ని సరిచేస్తాడు, తర్వాత ఒక ముక్క తీసి రెండో తీగని మొదటిదానికి కలుపుతాడు. కలవనంత సేపూ ఆ రెంటి మధ్యా అల ఉంటుంది, వాఁవ్ వాఁవ్ వాఁవ్ అని. మేకు పిసరంత తిప్పితే అల సాగుతుంది, వా...ఁవ్, ఇంకా సాగుతుంది, ఒక చోట ఆగిపోతుంది. అప్పుడు రెండు తీగలన్న ఆనవాలే ఉండదు.

చెప్పానంటాను గానీ, మొదటి వాక్యం తర్వాత ఆయన వినలేదు, చెయ్యెత్తి ఆపేశాడు. కళ్ళు మూసుకుని పైకి చెవి పెట్టాడు. వాఁవ్ వాఁవ్. "ఇంకా తక్కువుంది." టంగ్. "ఆఁ, వస్తోంది." టంగ్. "దాటిపోయేడు... దాటిపోయేడు... వెనక్కి రా నాయనా." టంగ్. అల ఆగింది. మావయ్య గాలిలో వేలితో చిన్న దెబ్బ కొట్టాడు, మృదంగం వార్ల మీద రాయితో కొట్టినట్టు. దాదాపు అరగంట నిలబడ్డాం. దారిన పోయేవాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు. నేనయితే కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డాను, ఆయన మాత్రం కదల్లేదు.

కాఫీ దగ్గర మిగతాది చెప్పాను. మికెలాంజెలి తన పియానో తనే వెంట తీసుకెళ్ళేవాడు, శ్రుతి చేసే మనిషిని కూడా. ఆ మనిషి చేజరే అగుస్తో తల్లోనే, స్వయంగా పియానోలు తయారుచేసినవాడు. హాల్లో తేమ మారిందన్నా, చలి ఎక్కువుందన్నా, మెట్టు నొక్కితే రావాల్సినట్టు పైకి రావట్లేదన్నా కచేరీ లేదు. బయట రెండు వేల మంది కూర్చుని ఉన్నా సరే. పొగరనుకున్నవాళ్ళు చాలామంది, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

మావయ్య చెప్పింది వేరే. "వానాకాలం కచేరీలో తొప్పి వైపు, అదే ఎడమ మూతకి, రవ్వముద్ద తడి పీల్చేసి, చాపు చచ్చిపోతుంది. వలంతల, అదే కుడి మూత, శ్రుతి దిగిపోతుంది. గాయకుడు కూర్చున్నాడు, సభ నిండింది, ఏం చేస్తాం, వాయిస్తాం. ఎవరికీ తెలీదు. మనకి తెలుస్తుంది, ఆ రాత్రి నిద్ర పట్టదు. ఈయన నిద్రపోయేడు, మనం పోలేదు. అంతేరా తేడా."

ఐదో రోజు, మిలాన్

మిలాన్‌లో కన్జర్వేటరీకి ఒపేరాలు రాసిన వెర్డి పేరు పెట్టారు. 1832లో ఇదే కన్జర్వేటరీ వెర్డిని చేర్చుకోలేదు. మావయ్యకి ఇది తెగ నచ్చేసింది, విజయనగరం వెళ్ళాక ఎవరెవరికి చెప్పాలో అప్పుడే లెక్కేసుకున్నాడు. స్కాలా ఒపేరా థియేటర్ మ్యూజియంలో లిస్ట్‌కి చెందిన స్టైన్‌వే పియానో ఉంది, చూశాం, ముట్టుకోనివ్వరు. ఆయనకి చేతులు దురద పెట్టాయి.

ఇక్కడ ఆగింది ఎక్కువగా పొల్లీని కోసం. ఈ ఊళ్ళోనే పుట్టాడు, 2024 మార్చి 23న ఈ ఊళ్ళోనే పోయాడు. పద్దెనిమిదేళ్ళకే, 1960లో, వార్సా షొపాన్ పోటీ గెలిచి, వెంటనే ఊరూరా కచేరీలు చేసుకోకుండా కొంతకాలం మికెలాంజెలి దగ్గర నేర్చుకోవడానికి వెళ్ళాడు. శిష్యుడు గురువుకి పూర్తిగా ఎదురు దారి పట్టాడు. 1970ల్లో ఆర్కెస్ట్రా నడిపించే అబ్బాదో, స్వరకర్త లుయీజి నోనోలతో కలిసి ఫ్యాక్టరీలకెళ్ళి కార్మికుల ముందు వాయించాడు, అదీ సులువైన పాటలు కాదు, కొత్త సంగీతం. ఎనభై దాటినా మానలేదు. 2023 జూన్‌లో లండన్ కచేరీలో జ్ఞాపకం దారి తప్పితే లేచి లోపలికెళ్ళి, స్వరాల పుస్తకం పట్టుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"నాకు ఈయనే నచ్చేడు" అన్నాడు మావయ్య. "తప్పు అందరి ముందూ వస్తుంది. వచ్చేక మళ్ళీ కూర్చోవాలి. దానికి గుండె కావాలి." నిన్న చెప్పిన మాటకి ఇది పూర్తిగా ఎదురు కదా అంటే, "నిన్న నిన్నే" అన్నాడు.

నేను మాత్రం ఇంకా ఆ రద్దు చేసేవాడి పక్షమే. పొల్లీని మనిషిగా గొప్పవాడు, ఒప్పుకుంటాను. కానీ మికెలాంజెలి 1971లో రికార్డు చేసిన దెబ్యుసీ వింటుంటే, నీటిలో నీడలు కదిలే ఆ మొదటి ముక్కలో, ఒక స్వరం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది గానీ ఎక్కడ ఆగిందో తెలీదు. అలాంటిది వారానికి నాలుగు ఊళ్ళు తిరిగేవాడికి సాధ్యమా అని నా అనుమానం. వందలకొద్దీ రచనలు వాయించలేదాయన, చాలా కొద్ది వాటినే పట్టుకుని నలభై, యాభై ఏళ్ళు అవే సానబెట్టాడు. మావయ్యతో వాదించలేదు. ఆయన మిలాన్ రిసోత్తోలో ఎముక మూలుగ వేస్తారని తెలిసి అప్పటికే కోపంగా ఉన్నాడు.

ఆరో రోజు, లుగానో, పూరా

మిలాన్ నుంచి లుగానో గంటంపావు. లుగానో స్టేషన్ దగ్గరే పోంతె త్రేజా వైపు వెళ్ళే చిన్న రైలుంది, నారింజ రంగుది. మల్యాజోలో దిగి పైకి నడిస్తే పూరా అనే ఊరు. పేరు వినగానే మావయ్య, "పూరా? అంటే పూరా అయిపోయిందనా?" అన్నాడు. నేను నవ్వాను గానీ, మాట పడాల్సిన చోటే పడింది. ఇటలీ వదిలాక మికెలాంజెలి స్విట్జర్లాండ్‌లోని ఈ టిచీనో ప్రాంతంలోనే ఇళ్ళు మారుతూ చివరికి ఇక్కడ కుదురుకున్నాడు.

నడిచే దారంతా చెస్ట్‌నట్ చెట్లు, కింద ముళ్ళ కాయలు రాలి ఉన్నాయి. ఎక్కుతూ చివరి ఏళ్ళ సంగతి చెప్పాను. 1988 అక్టోబరులో బోర్డోలో కచేరీ వాయిస్తూనే కుప్పకూలిపోయాడు, ఆపరేషన్ చేసి బతికించారు. అరవయ్యెనిమిదేళ్ళు. ఇక అయిపోయిందనుకున్నారు అందరూ. మరుసటి జూన్‌కల్లా బ్రేమెన్‌లో మోత్సార్ట్ కన్చెర్టోలు రెండు వాయించాడు. చిన్న చిన్న కారణాలకి కచేరీలు మానేసిన మనిషి, చావు దగ్గరకెళ్ళి వచ్చి ఏడాది తిరక్కుండానే మళ్ళీ బల్ల ముందు కూర్చున్నాడు. చివరి కచేరీ 1993 మే 7న, హాంబర్గ్‌లో. 1995 జూన్ 12న లుగానోలో పోయాడు.

మావయ్య ఎక్కడం ఆపి, "అయితే ఆరోగ్యం గురించి కాదన్నమాట ఎప్పుడూ" అన్నాడు. అంతే అన్నాడు, ఊపిరి అందలేదు.

ఊరి శ్మశానవాటిక చిన్నది. సమాధి ఎలా ఉందో రాయను, ఫొటో కూడా తీయలేదు, తీయబోతే మావయ్య ఫోన్ మీద చెయ్యి పెట్టాడు. చెప్పులు బయట విప్పి లోపలికొచ్చాడు, ఇక్కడ అలా విప్పరని చెప్పినా వినలేదు. పది నిమిషాలు నిలబడ్డాం. ఎక్కడో గడ్డి కోసే మిషన్ చప్పుడు వస్తోంది, అది ఆగింది, మళ్ళీ మొదలైంది.

దిగేటప్పుడు మోకాళ్ళు పట్టేసి మెల్లిగా నడిచాం. మల్యాజో స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాక ఆయనే అడిగాడు, "మొదటి రోజు పెట్టేవే, తాళం తెలీనిది. అది పెట్టు."

ఇయర్‌ఫోన్ చెరొకటి. రావెల్ కన్చెర్టో రెండో భాగంలో మొదటి 33 బార్లు, అంటే మన ఆవర్తాల్లాంటివి, పియానో ఒక్కటే ఉంటుంది, దాదాపు మూడు నిమిషాలు, ఆర్కెస్ట్రా మొత్తం చేతులు కట్టుకుని కూర్చుంటుంది. మావయ్య తొడ మీద వేళ్ళు పెట్టాడు. ఎడంచేత్తో మొదలెట్టాడు, ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు. కుడిచెయ్యి ఊరికే ఉంది. పాట ఎత్తుకున్నాక కుడిచేతి వేళ్ళు కూడా కదిలాయి, ఒకటి రెండు, ఒకటి రెండు, ఒకటి రెండు.

"ఓరి దీని... ఎడంచెయ్యి మూళ్ళు, కుడిచెయ్యి రెళ్ళు. ఆరు దగ్గర ఇద్దరూ కలుస్తున్నారు. ఇంత నెమ్మదిగా నడిపిస్తే ఎవడికి తెలుస్తుందిరా!" ఇంకాస్త విన్నాడు. "కలుస్తున్నారు అన్నానా, కలవట్లేదు. ఎడంచెయ్యి పిసరు ముందు పడుతోంది. కావాలనే. కుడిచెయ్యి అనాగతంలా వెనకాల వచ్చి వాలుతోంది చూడు, ఇదిగో, ఇక్కడ..."

అది మికెలాంజెలికి అలవాటే, రెండు చేతుల్నీ సరిగ్గా ఒకేసారి వేయకపోవడం. విమర్శకులు దాని మీద బోలెడు రాశారు. ఇదంతా నేను చెప్పాల్సిన మాట, ఆయనే చెప్పేశాడు.

అవతలి మలుపులో నారింజ రంగు రైలు కనిపించింది. ఫ్లూటు ఇంకా రాలేదు. నేను లేచి బ్యాగు తీసుకోబోతే మావయ్య కళ్ళు తెరవకుండానే నా చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. తలుపులు తెరుచుకున్నాయి, ఇద్దరు బడిపిల్లలు దిగారు, తలుపులు మూసుకున్నాయి, రైలు వెళ్ళిపోయింది. పావుగంటకి ఇంకోటి ఉంది.